పాఠం: అరకు కాఫీ – ఎర్ర పండు విలువ

మీ ఇంట్లో పొద్దున్నే కాఫీ వాసన వస్తుంది కదా? ఆ కాఫీ గింజ ఒక పండులోంచి వస్తుందని మీకు తెలుసా?

ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు లోయ ఉంది. అక్కడి కొండల మీద ఆదివాసీ కుటుంబాలు చిన్న చిన్న తోటల్లో కాఫీ పండిస్తాయి. కాఫీ మొక్కకి నీడ కావాలి. అందుకే సిల్వర్ ఓక్ చెట్ల కింద పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగ కూడా ఎక్కిస్తారు.

ఒక కొమ్మ మీద పండ్లన్నీ ఒకేసారి పండవు. ఎర్రగా పండినవే ఏరి కోయాలి. కొన్నాళ్ళకి మళ్ళీ అదే మొక్క దగ్గరికి రావాలి. కొమ్మంతా ఒకేసారి దూసేస్తే పని త్వరగా అయిపోతుంది. కానీ పచ్చికాయలు కలిస్తే రుచి చెడుతుంది, ధర తగ్గుతుంది.

మంచి కాఫీకి పండ్లు కోసిన రోజే తొక్క తీయాలి. గింజల మీది జిగురు వదిలేదాకా పులియబెట్టి, కడిగి, ఎండలో ఆరబెట్టాలి. అప్పుడే వాన పడి గింజలకి బూజు పట్టిందంటే, ఏడాది కష్టం నీళ్ళపాలే!

2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ ప్రాంతంలో పండిన కాఫీనే ఆ పేరుతో అమ్మాలి.

కొత్త మాటలు
దూయడం: కొమ్మని పట్టి అన్నీ ఒకేసారి లాగేయడం
నీళ్ళపాలు: వృథా

మీరు చెప్పండి
1. పండ్లని ఎందుకు ఏరి కోస్తారు?
2. “కలిస్తే, పడితే” లాంటి మాటలతో రెండు వాక్యాలు రాయండి.
3. మీరు రైతైతే దూస్తారా, ఏరతారా? ఎందుకు? అమ్మానాన్నలతో తెలుగులో మాట్లాడండి.