బూడిదలోంచి చిగురించే అడవి

చిట్టితల్లికి,

ఈ సెలవుల్లో మీ నాన్న నిన్ను న్యూజెర్సీ దక్షిణాన ఉన్న పైన్ బారెన్స్‌కు తీసుకెళ్తానన్నాడు. బయల్దేరే ముందు ఇది చదువు.

అక్కడి నేలంతా తెల్లటి ఇసుక. ఎంత వాన కురిసినా నీరు ఇట్టే ఇంకిపోతుంది, పోషకాలూ దాంతోపాటే పోతాయి. ఐరోపా నుంచి వచ్చినవాళ్లు వేసిన పంటలు పండక దానికి బంజరనే పేరు పెట్టారు. ఆ పేరు తప్పు. సుమారు 11 లక్షల ఎకరాల ఆ ప్రాంతాన్ని 1978లో అమెరికా జాతీయ రిజర్వుగా ప్రకటించింది.

ఆ అడవికి పెద్ద దిక్కు పిచ్ పైన్ చెట్టు. మూడేసి సూదాకుల గుత్తులు, మందమైన పెంకుల బెరడు. మంట మీదుగా పోయినా ఆ బెరడు కింద మొగ్గలు బతికే ఉంటాయి. కొన్ని వారాలకే నల్లగా మాడిన మాను నుంచి నేరుగా పచ్చటి సూదులు పొడుచుకొస్తాయి! తరచూ మంటలు వచ్చే చోట్ల ఇదే చెట్టు మరుగుజ్జుగానే ఉండిపోతుంది. దాని కాయలు బంకతో బిగుసుకుని ఏళ్ల తరబడి కొమ్మకే ఉంటాయి. సెగ తగిలితే బంక కరిగి, రేకలు విచ్చుకుని, బూడిద మీద గింజలు రాలతాయి. మంటలు తక్కువగా వచ్చే చోట్ల కాయలు వాటంతటవే విచ్చుకుంటాయి.

మంటే లేకపోతే ఓక్ చెట్ల నీడ కమ్మేస్తుంది. పైన్ మొలకకు ఎండ కావాలి, ఒట్టి ఇసుక కావాలి. అందుకే అటవీ అగ్నిమాపక సిబ్బంది చలికాలంలో తామే అదుపులో చిన్న మంటలు పెడతారు.

వాగుల్లో నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటాయి, పులుపెక్కువ. బురదనేలల్లో పోషకాలు చాలక కొన్ని మొక్కలు పురుగుల్ని తింటాయి. అక్కడి పిచర్ ప్లాంట్ మీ పుస్తకంలోని నెపెంథిస్ లాంటిదే కానీ, కుటుంబం వేరు. దాని కూజా నోటిని మూత కప్పదు, వాననీరు నిండుతుంది. లోపలి వెంట్రుకలన్నీ కిందికి వాలి ఉంటాయి. జారిన చీమ మళ్లీ పైకి రాలేదు.

నీకిష్టమైన బ్లూబెర్రీ కూడా ఆ పుల్లనేల బిడ్డే. అక్కడి వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్, ఫ్రెడరిక్ కోవిల్ అనే ఇద్దరు అడవిపొదల నుంచి మేలైన రకాలు తీసి, 1916లో తొలిపంట అమ్మారు.

ఇక ఆ అడవి జంతువుల సంగతి. పైన్ పాముల్లో ఆడది ఇసుకలో తానే సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. అక్కడి చెట్టుకప్ప రెండంగుళాలు కూడా ఉండదు. ఆకుపచ్చ ఒళ్లు, పక్కన తెల్లంచుతో వంగపండు రంగు చార. చాలా కప్పల గుడ్లు బతకలేని ఆ పుల్లనీటిలోనే దీని పిల్లలు పెరుగుతాయి.

జూన్‌లో చీకటిపడ్డాక బురదగట్టు దగ్గర కారు ఆపించు. మాట్లాడకుండా నిలబడు. బాతు ముక్కుతో అరిచినట్టు వినిపిస్తే అదే ఆ చెట్టుకప్ప. పట్టుకోవద్దు, విను.

మీ తాతయ్య