పాత బండికి కొత్త ప్రాణం: తక్కువ ఖర్చుతో రేసు ఇంజిన్



వార్షికోత్సవ సంచికకు ఏదైనా సైన్సు పాఠం రాయమని వార్డెన్ గారు అడిగారు. నేను ఇప్పుడు ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. అయితే ఫిజిక్స్ మీద నాకు ఇష్టం కలిగింది మాత్రం సెలవుల్లో పనిచేసిన శ్రీకాళహస్తి మెకానిక్ షెడ్డులో. అందుకే పాత మోటారు సైకిల్ ఇంజిన్‌ను విప్పి డ్రాగ్ రేసుకు సిద్ధం చేసే పని గురించి, అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తున్నాను.

డ్రాగ్ రేసు అంటే ఏమిటి?

రెండు బండ్లు నిలబడిన చోటి నుంచి ఒక్కసారిగా బయలుదేరి, తిన్నటి దారిలో ఏది ముందు గీత దాటుతుందో చూసే పోటీ ఇది. ప్రపంచంలో బాగా పేరున్న దూరం పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు. అమెరికాలో కుర్రకారు పాత కార్లను బాగుచేసుకుని రోడ్ల మీదే పందేలు వేసుకునేవారు. వాళ్ళను రోడ్డు మీది నుంచి ట్రాక్ మీదికి తేవాలని వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. తర్వాత 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ వంటి పెద్ద ఇంజిన్ల బండ్లకు 'మజిల్ కార్లు' అని పేరు వచ్చింది.

అలాంటి కారు మనకెక్కడ దొరుకుతుంది? మన ఊళ్ళలో ఆ స్థానం యమహా ఆర్‌ఎక్స్ 100 బండిది. ఎస్కార్ట్స్ కంపెనీ 1985 నుంచి 1996 దాకా దీన్ని మన దేశంలో తయారు చేసింది. 98 సీసీ ఇంజిన్, 11 హార్స్ పవర్.

చిన్నదని తక్కువ అంచనా వేయకండి. జీటీఓ ఇంజిన్ 6.4 లీటర్లు, 325 హార్స్ పవర్. అంటే లీటరుకు సుమారు 51. ఆర్‌ఎక్స్ 100కు అదే లెక్క వేస్తే లీటరుకు 112 వస్తుంది. కారణం, ఇది టూ-స్ట్రోక్ ఇంజిన్. క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మంట పుడుతుంది. ఫోర్-స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే.

మొదటి మెట్టు: కొలత

మా మేస్త్రీ అన్న బండి విప్పగానే ఒకే మాట చెప్పేవాడు: "ముందు కొల్చప్పా. దుడ్డు సంగతి ఆనక చూద్దాం."

ఈ ఇంజిన్ బోరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం కూడా 50 మిల్లీమీటర్లే. పదో తరగతి స్తూపం సూత్రం వేసి చూడండి, 98 సీసీ సరిగ్గా వస్తుంది. ఏళ్ళ తరబడి తిరిగిన బోరు గుండ్రంగా ఉండదు. అందుకే పైన, నడుమ, కింద, మూడు చోట్లా రెండేసి దిక్కుల్లో కొలవాలి. మిల్లీమీటరులో నూరో వంతు తేడా కూడా లెక్కలోకి వస్తుంది. అరుగుదల హద్దు దాటితే లేత్ దగ్గర బోరు కొట్టించి, దానికి తగిన పెద్ద పిస్టన్ వేయాలి. 50.50కి కొట్టిస్తే ఇంజిన్ 100 సీసీ అవుతుంది. పెరిగింది రెండు సీసీలే. బోరు కొట్టించేది సైజు కోసం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు సరిగా ఉండాలి, అంతే.

రెండో మెట్టు: కంటికి కనిపించని చోట ఖర్చు

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఈ వరుసలో ఖర్చు పెట్టాలి: క్రాంకు బేరింగులు, ఆయిల్ సీళ్ళు, గాస్కెట్లు, పిస్టన్-రింగులు, క్లచ్ ప్లేట్లు, బ్రేకులు. సైలెన్సరు, కార్బురేటరు ఆ తర్వాతే. నేను ఈ వరుసను తిరగేశాను.

షెడ్డులో ఒక కుర్రాడి బండిని పోటీకి సిద్ధం చేస్తుంటే సగం పని చూసి, అంతా వచ్చేసిందనుకున్నాను. దాచుకున్న తొమ్మిది వేలు పెట్టి మా మామ ఆర్‌ఎక్స్ 100కు రేసు సైలెన్సరు బిగించాను. పాత ఆయిల్ సీళ్ళు అట్లే వదిలేశాను. వాటి ఖరీదు వందల్లోనే. ఏర్పేడు రోడ్డులో మామ కొంచెం వేగం పెంచగానే ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుని మామ పడిపోయాడు. మోచేయీ మోకాలూ చీరుకుపోయాయి. వెనక లారీ లేదు కాబట్టి బతికాడు.

ఎందుకిలా జరిగింది? టూ-స్ట్రోక్‌లో పెట్రోలు-గాలి మిశ్రమం ముందు క్రాంకు గదిలోకే వస్తుంది. సీలు చిరిగితే బయటి గాలి లోపలికి దూరుతుంది. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే వేడి పెరుగుతుంది. పిస్టన్ అల్యూమినియం. బోరు గొట్టం పోత ఇనుము, మన రాచగున్నేరి ఫ్యాక్టరీలో పైపులు పోసే ఇనుముకు దాయాది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. సందు మూసుకుపోయి పిస్టన్ గోడకు అతుక్కుంటుంది. ఇంటర్‌లో వ్యాకోచ గుణకం మీద నాకు నూటికి తొంభై పైగా మార్కులు వచ్చాయి. కానీ అది మా మామ మోకాలి దాకా వస్తుందని అప్పుడు తెలియలేదు.

మామది పాల వ్యాపారం. నన్ను ఒక్క మాటా అనలేదు. మర్నాడు తెల్లారుజామున పాల క్యాన్లు సైకిలుకు కట్టుకుని కుంటుకుంటూ పోయినాడు. తిట్టివుంటే బాగుండేది.

మూడో మెట్టు: బలం ఎక్కడి నుంచి వస్తుంది?

రేసు సైలెన్సరు అంటే శబ్దం కోసం పెట్టే డొల్ల గొట్టం కాదు. పొగ బయటికి దూకినప్పుడు ఒక పీడన తరంగం పుడుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట అది చూషణంగా తిరిగివచ్చి కొత్త మిశ్రమాన్ని లాగుతుంది. ఇరుకయ్యే చోట పీడనంగా తిరిగివచ్చి, బయటికి జారిన మిశ్రమాన్ని మళ్ళీ లోపలికి నెడుతుంది. తూర్పు జర్మనీలో ఎమ్‌జడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్ చాలీచాలని వనరులతోనే 1950లలో ఈ విద్యను సాధించాడు. 1961 నాటికి 125 సీసీ ఇంజిన్ నుంచి 25 హార్స్ పవర్ రాబట్టాడు. అంటే లీటరుకు 200!

ఈ తరంగం ఒక వేగం హద్దులోనే కలిసివస్తుంది. కాబట్టి పోర్టు, సైలెన్సరు, కార్బురేటరు జెట్టు మూడూ ఒకదానికొకటి సరిపడాలి. పోర్టును ఆకురాయితో ఎక్కువ అరగదీస్తే మళ్ళీ పూడ్చలేం. కొత్త ఇంజిన్‌కు పెట్రోలు కొంచెం ఎక్కువ అందేలా జెట్టు పెట్టి, ప్లగ్గు రంగు చూస్తూ తగ్గించుకోవాలి. లేత గోధుమ రంగు మంచిది. మసి నలుపైతే పెట్రోలు ఎక్కువ. తెల్లబడితే వెంటనే ఆపేయాలి.

అన్నిటికన్నా చవకైన మార్పు చైను పళ్ళచక్రం. ముందు చక్రానికి 14 పళ్ళుంటే 13 వేసి చూడండి. వెనక చక్రం మీద లాగుడు సుమారు 8 శాతం పెరుగుతుంది, చివరి వేగం ఆ మేరకు తగ్గుతుంది. ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు.

ఎక్కడ పరుగెత్తించాలి?

రోడ్డు మీద వద్దు. మోటారు వాహనాల చట్టం 1988లోని 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు పందెం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా పడవచ్చు. 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండి ఇంజిన్‌ను ఇష్టం వచ్చినట్లు మార్చడమూ కుదరదు. రేసు బండి వేరు, ఇంటి బండి వేరు. పోటీలకు ఫెడరేషన్ లైసెన్సు, హెల్మెట్, తోలు దుస్తులు, అంబులెన్సు ఉన్న ట్రాకులున్నాయి. షోలవరం పాత విమానాల రన్‌వే మీద జరిగిన రేసుల తర్వాత, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో పక్కా ట్రాక్ వచ్చింది. మనకు అదేమంత దూరం కాదు.

మా షెడ్డు బండి అక్కడ మొదటి రౌండులోనే ఓడిపోయింది. తిరిగొచ్చాక విప్పి చూస్తే పిస్టన్ మీద ఒక్క గీత లేదు. మేస్త్రీ అన్న నవ్వి, "ఇది గెలిచినట్టేరా" అన్నాడు. ఆ తర్వాత రెండు నెలల కూలితో మామ బండికి బోరు కొట్టించి, కొత్త సీళ్ళు వేసి, పాత సైలెన్సరే తిరిగి బిగించాను. ఇప్పుడు అది పాలకు పోతోంది.

తమ్ముళ్ళారా, మనలో చాలామందికి చేతిలో ఉండేది కొద్ది డబ్బే. అందుకే కొలవకుండా ఒక్క రూపాయి పెట్టకండి. ఇంకొకరి బతుకుతెరువు మీద మీ ప్రయోగం చేయకండి. ల్యాబ్‌లో స్క్రూగేజీ చేతికిచ్చినప్పుడు రికార్డు కోసమని తొందరపడకండి. రేపు ఒక మనిషి ప్రాణం ఆ నూరో వంతు మీదే ఆధారపడవచ్చు.