భయపడిన మనిషికి ఫోనులో తోడు

1943 ఏప్రిల్ 19న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త తాను కనిపెట్టిన ఎల్.ఎస్.డి.ని తనమీదే ప్రయోగించుకున్నాడు. తీసుకున్నది గ్రాములో నాలుగువేలవ వంతు మాత్రమే! సైకిలుపై ఇల్లు చేరేసరికి, పాలు తెచ్చిచ్చిన పొరుగింటామె మంత్రగత్తెలా కనిపించింది. ప్రాణం పోతోందనుకున్నాడు. డాక్టరు వచ్చి పరీక్షిస్తే కంటిపాపలు పెద్దవి కావడం తప్ప వేరే తేడా లేదు. తర్వాత మెల్లగా భయం తగ్గింది.

ఆ డాక్టరులా పక్కన నిలిచే పనిని ఇప్పుడు ఫోనులోనూ చేస్తున్నారు. అమెరికాలో 'ఫైర్‌సైడ్ ప్రాజెక్ట్' అనే సంస్థ 2021లో ఇందుకోసమే ఫోను సేవ ప్రారంభించింది. శిక్షణ పొందిన వాలంటీర్లు మాట్లాడతారు.

"గోడమీద పాములున్నాయి" అన్నవారితో "లేవు" అని వాదిస్తే భయం పెరుగుతుంది. "ఎక్కడున్నారు? పక్కన ఎవరున్నారు?" అని అడగాలి. గోల తగ్గించమనాలి. ఇది మందు ప్రభావమనీ, కొన్ని గంటల్లో తగ్గుతుందనీ నెమ్మదిగా గుర్తుచేయాలి. ఎల్.ఎస్.డి. అయితే 12 గంటలు కూడా పట్టవచ్చు. తిట్టేవాళ్ళు తర్వాత తిట్టుకోవచ్చు!

అయితే ఫిట్స్, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, ఒళ్ళు కాలిపోవడం ఉంటే మాటలతో కాలయాపన చేయకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

మన దేశంలో మానసిక ఆందోళనకు 2022 అక్టోబర్ 10న 'టెలి మానస్' మొదలైంది. నెంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు. వార్డెన్‌కు తెలుస్తుందనే భయంతో స్నేహితుడిని గదిలో దాచకండి. ఏం తీసుకున్నాడో, ఎన్ని గంటలకు తీసుకున్నాడో డాక్టరుకు ఉన్నదున్నట్లు చెప్పండి.