ఇంటి భోజనము – బాలల బాధ్యత

“నేడేమి వండవలెను?” అను ప్రశ్న ప్రతి గృహమునందును ప్రతిదినము పుట్టునదే. దానికి సమాధానము వెదకు భారము సామాన్యముగా తల్లిమీదనే పడుచున్నది. పిల్లలు వడ్డించిన పిదప “ఇది వద్దు, అది కావలెను” అందురే కాని, వండుటకు ముందు ఆలోచనలో పాల్గొనరు. స్వయముగా బజారున ఏరి తెచ్చి, కడిగి, త్రుంచి యిచ్చిన తోటకూరను ఏ బాలుడును అంత సులభముగా కంచము ప్రక్కకు నెట్టడు.

వారమున కొకమారు పిల్లలు పెద్దలతో కూర్చుండి భోజనముల పట్టిక వ్రాయవచ్చును. ఇందుకు కొంత తెలివిడి కావలెను. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఒకే పదార్థముపై ఆధారపడక పలువిధములైన ఆహారములు తినవలెనని ఆ సంస్థ బోధించుచున్నది. వరియన్నము బలమిచ్చును, కాని అది యొక్కటియే చాలదు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. తెల్లని బియ్యములో అది మిక్కిలి స్వల్పము. పప్పులు మాంసకృత్తుల నిచ్చును. ఆకుకూరలు, ఆయా ఋతువులలో చౌకగా దొరకు కూరగాయలు, పండ్లు విటమినుల నిచ్చును. అన్నము వార్చి గంజి పారబోసినచో ‘బి’ విటమినులు కొంత దానితోనే పోవును.

ఒక కుటుంబమున ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె ఇట్టి పట్టిక వ్రాయబూనెను. ఎవరెవరు ఏమి తినుచున్నారో తెలిసికొనుటకై ముందుగా నిన్నటి భోజనమును వ్రాసెను. నాయనమ్మకు, తండ్రికి, తమ్మునికి, తనకు గడులు నిండినవి. తల్లి గడిలో మాత్ర మేమి వ్రాయవలెనో తోచలేదు.

“అమ్మా, నిన్న నీవేమి తింటివి?”

“మీ రందఱు తిన్న పిదప కూర మిగులలేదమ్మా. పచ్చడి, మజ్జిగతో సరిపెట్టుకొంటిని” అని తల్లి నవ్వెను.

బాలిక నవ్వలేదు. మొన్న ఏమని అడిగెను. సమాధానము దాదాపు అదియే. నిత్యము కండ్లయెదుట నున్నను, ఆ లోటు కాగితముపై గడి ఖాళీగా నుండువఱకు ఎవరికిని కనబడలేదు.

ఇది ఆ యింటి ముచ్చట మాత్రమే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో 100కి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆహారమున ఇనుము చాలకపోవుట దీనికొక ముఖ్యకారణము. ఆకుకూర, పప్పులతోపాటు నిమ్మరసమో ఉసిరికాయయో తీసికొనినచో ఇనుము శరీరమునకు చక్కగా పట్టును. భోజనముతో టీ త్రాగుట దానికి ఆటంకము. అలసట మిక్కుటముగా నున్నచో వైద్యుని చూడవలెను.

ఆ బాలిక పట్టికలో రెండు నియమములు చేర్చినది: కూరను వండగనే ఐదు పాళ్ళు చేయుట, రాత్రి భోజనమునకు అందఱును కలిసి కూర్చుండుట. తమ్ముడు తన పాలు తగ్గునేమో యని మొదట గొణిగెను. పప్పులో మునగాకు చేర్చి వండునట్లు అక్క చెప్పగా, ఆ ఆకు దూసి యిచ్చు పని తానే పుచ్చుకొనెను. ఖర్చు పెరుగలేదు, పంపకము మాఱినది.

భోజన ప్రణాళిక యనగా రుచులను ఎంచుకొనుట మాత్రమే కాదు. ఇంటిలో ప్రతి కంచమును లెక్కించుట. ఆ లెక్కలో మొదట తప్పిపోవునది వండి వడ్డించు చేతిదే. దానిని సరిచేయుటకు బాలల వయస్సు చాలును.