ఆకాశపక్షులు నేర్పు పాఠము

పఠనీయ భాగములు: మత్తయి 6:25-34, లూకా 12:24, మత్తయి 10:29-31, ద్వితీయోపదేశకాండము 22:6, 7

చింతింపవద్దని బోధించునప్పుడు ప్రభువు శిష్యుల కన్నులను ఆకాశపక్షులవైపు త్రిప్పెను. అచ్చట మత్తయి వాడిన గ్రీకు క్రియ ‘ఎంబ్లెపో’. ఊరక కంటబడినదానిని చూచుట కాదు, దృష్టి నిలిపి చూచుట అని దాని భావము. లూకా వాడిన ‘కతనొఎయో’ అను మాటకు మనస్సు పెట్టి విచారించుట అని అర్థము. కాబట్టి పక్షులను చూచుట శిష్యునికి కాలక్షేపము కాదు. అది బోధకుడు నియమించిన పాఠము. దానిని నేర్చుకొనుటకు అండమాను దీవులలోని మాయాబందరు తగిన బడి.

1. పోషణ ఏలాగు జరుగును?

మాయాబందరు మధ్య అండమాను ఉత్తరపు కొనయందున్న చిన్న పట్టణము. 2024 వరకు పోర్టు బ్లెయిరు అనబడిన శ్రీ విజయపురమునుండి రోడ్డు మార్గమున సుమారు 240 కిలోమీటర్ల దూరము. 1925లో బర్మానుండి వచ్చిన కరెన్ క్రైస్తవ కుటుంబములు దీనికి చేరువనే వెబి గ్రామమును కట్టుకొనిరి. ఈ ప్రాంతమంతట ఉప్పుటేరులు, మడ అడవులు వ్యాపించియున్నవి. ఆటు సమయమున బురద బయలుపడగానే కొంగలు దిగివచ్చును. చలికాలమున ఉత్తర దేశములనుండి వచ్చిన ఉల్లంకి పిట్టలు ముక్కులతో ఆ బురదను వెదకును. లకుముకిపిట్ట కొమ్మపై కదలక కూర్చుండి, సమయము చూచి దూకును. ఏటి మలుపులలో ఉప్పునీటి మొసలి కూడ నివసించును. అండమాను దీవులలోను, వాటి పొరుగునున్న కోకో దీవులలోను మాత్రమే కనబడు అండమాను టీల్ అను చిన్న అడవి బాతు పగలు విశ్రమించి, చీకటిపడు వేళ మేతకు ఎగిరిపోవును.

వీటికి ఆహారము ఎక్కడిది? మడచెట్టు ఆకు రాలి బురదలో కుళ్లును. దానిని పీతలును సూక్ష్మజీవులును తినును. వేళ్ల నీడలో చేపపిల్లలు పెరుగును. పక్షి వాటిని తిని బ్రదుకును. పరలోకపు తండ్రి పోషించుననగా మేత నోటిలోనికి వచ్చి పడునని కాదు. పక్షి విత్తదు, కోయదు గాని ఆటు ఆటుకు వెదకుచునే యుండును. ప్రభువు నిషేధించినది పనిని కాదు, చింతను. మరియొక సంగతి గమనింపదగినది. లేవీయకాండము 11వ అధ్యాయము కాకిని, కొంగను అపవిత్ర పక్షులలో చేర్చెను. అయినను కాకికి ఆహారమిచ్చువాడు దేవుడేయని లూకా సువార్త, కొంగకు నివాసమున్నదని 104వ కీర్తన తెలుపుచున్నవి. దేవుని భోజనపు బల్ల మన లెక్కలకంటె విశాలమైనది.

2. నేల కదలిన దినము

అయితే 2004 డిసెంబరు 26న ఏమి జరిగెను? ఆ ఉదయము సంభవించిన మహా భూకంపమువలన ఉత్తర అండమాను తీరములు పైకి లేచెను; పడమటి వైపున ఆ యెత్తు కొన్ని చోట్ల ఒక మీటరు దాటెను. పగడపు దిబ్బలు నీటిపైకి వచ్చి చచ్చెను. పోటు నీరు అందని మడచెట్లు నిలుచున్న చోటనే ఎండిపోయెను. దక్షిణ అండమానులో ఇందుకు మారుగా నేల క్రుంగెను. సిప్పీఘాటు వద్ద వరిపొలములలో సముద్రపు నీరు నిలిచెను. రైతు భూమి పోయెను. కొంతకాలమునకు ఆ నీటిమీదనే కొంగలు, బాతులు మేయసాగెను.

పక్షులకొరకే దేవుడు పొలములను ముంచెనని చెప్పుట తొందరపాటు. ఆ సునామీలో ఆప్తులను పోగొట్టుకొనినవారి యెదుట అట్టి మాట క్రూరము కూడ. ప్రభువు తన మాటలలో కష్టమును దాచలేదు. పక్షులు పోషింపబడునని చెప్పిన ఆయనే పిచ్చుక నేల పడుననియు చెప్పెను. అది తండ్రికి తెలియకుండ పడదని మాత్రమే వాగ్దానము. విశ్వాసము నిలుచునది కదలని నేలమీద కాదు, మరువని తండ్రిమీద.

3. గూడును కాపాడు చేయి

మాయాబందరుకు పడమట సుమారు 133 చదరపు కిలోమీటర్ల ఇంటర్వ్యూ ద్వీపము వన్యప్రాణుల అభయారణ్యముగా నున్నది. అక్కడి గుహలలో స్విఫ్ట్‌లెట్ అను చిన్న పక్షి తన లాలాజలముతో గూడు కట్టును. ఆ గూడును వండి తిను దేశములున్నవి గనుక దానికి గొప్ప ధర పలుకును. దొంగతనముగా సేకరించువారు గ్రుడ్లను, పిల్లలను కూడ లక్ష్యపెట్టక గూళ్లను ఒలిచివేయగా పక్షులు మిక్కిలి తగ్గిపోయెను. 1990వ దశకములో సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రమునకు చెందిన డాక్టర్ రవి శంకరన్ దీనిని పరిశోధించెను. తరువాత అటవీశాఖతో కలిసి జరిగిన ప్రయత్నములో, గూళ్లు సేకరించిన మనుష్యులే కావలివారుగా నియమింపబడిరి. కాపాడబడిన గుహలలో పక్షులు మరల పెరిగెను.

గూడు కనబడినప్పుడు తల్లిని పిల్లలతో కూడ తీసికొనరాదని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞకు ఏ దీవెన కలదో, అట్టి దీర్ఘాయువే ఈ చిన్న ఆజ్ఞకును జతచేయబడెను. పక్షిని పోషించు తండ్రి, దాని గూటిని మనుష్యుని చేతికి అప్పగించియున్నాడు. ఆ చేయి దోచవచ్చును, కాయవచ్చును. దోచిన చేయి కాయుటకు మారవచ్చునని ఆ గుహలు సాక్ష్యమిచ్చుచున్నవి. మారుమనస్సుకు ఇంతకంటె తేటయైన దృష్టాంతము అరుదు.

మాయాబందరు దూరమని ఎవరును అనుకొనవలదు. 1999లో అభయారణ్యమైన కొల్లేరు, పులికాటు, నేలపట్టు తెలుగువారి ముంగిటనే యున్నవి. ఊరి చెరువు మరింత దగ్గర.

ఆలోచించుటకు

1. మీ యింటికి చేరువనున్న నీటి పట్టున ఒక ఉదయము అరగంట నిలిచి చూడుడి. ఏ పక్షులు ఎట్లు పోషింపబడుచున్నవి?
2. పనికిని చింతకును భేదమేమి? నేటి దినమున మీరు దేనిని విడువవలెను?
3. ఇతర ప్రాణి గూటినుండి తీసికొనుటకు అలవాటుపడిన చేయి మీది యున్నదా? దానిని కావలి చేయిగా మార్చుమని తండ్రిని వేడుకొనుడి.