షుగర్ ఒక్కరోజు లెక్క – మూడు నెలల లెక్క

ఉచిత వైద్య శిబిరాల్లో వేలి చివర నుంచి ఒక రక్తపు బొట్టు తీసి షుగర్ చూస్తారు. "నూట నలభై ఉంది, ఫర్వాలేదు" అనగానే వచ్చినవారు నిశ్చింతగా ఇంటికి వెళ్తారు. ఆ ఒక్క అంకె ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో ఇలాంటి శిబిరాలకు చేయూతనిచ్చే మనమందరం తెలుసుకోవాలి. బోధన మా వృత్తి కనుక పాఠంలాగే చెబుతాము.

బడిలో ఒక్క స్లిప్ టెస్టు మార్కు చూసి పిల్లవాడి చదువు ఎలా ఉందో తేల్చము. షుగరూ అంతే. కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా పరగడుపున చేసే పరీక్ష ఆ ఉదయపు స్థితిని చెబుతుంది. తిన్న రెండు గంటలకు చేసేది ఆ భోజనాన్ని శరీరం ఎలా వినియోగించుకుందో చెబుతుంది. టైప్ 2 మధుమేహం ఉన్న పెద్దల్లో చాలామందికి పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు ఉండాలన్నది లక్ష్యం. ఇవి డెసీలీటరు రక్తంలో మిల్లీగ్రాముల లెక్క. రెండు పరీక్షలూ అవసరమే. కానీ పరీక్ష ఉందని రెండు రోజులు అన్నం తగ్గించి, మాత్రలు వేళకు వేసుకుంటే రెండూ బాగానే కనిపించవచ్చు.

మూడు నెలల సంగతి చెప్పే పరీక్ష హెచ్‌బీఏ1సీ. రక్తంలోని గ్లూకోజు ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. గ్లూకోజు పెరిగిన కొద్దీ అంటుకునేదీ పెరుగుతుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే ఇది గడచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది. దీనికి పరగడుపుతో రావలసిన పని లేదు. మధుమేహ రోగుల రక్తంలో ఈ రకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుందని 1968లో టెహ్రాన్‌లో గుర్తించినవారు ఇరాన్ శాస్త్రవేత్త శామ్యూల్ రహ్‌బర్.

ఈ పరీక్షలో 6 శాతం వస్తే సగటు షుగర్ సుమారు 126, 7 వస్తే 154, 8 వస్తే 183, 9 వస్తే 212. మధుమేహం ఉన్న చాలామందికి 7 లోపు లక్ష్యం. వృద్ధులకు, తరచూ షుగర్ పడిపోయేవారికి వైద్యులు కొంత సడలింపు ఇస్తారు.

ఒక్క శాతం తేడా చిన్నదనుకోకూడదు. బ్రిటన్‌లో కొత్తగా టైప్ 2 మధుమేహం బయటపడినవారిపై ఏళ్ల తరబడి జరిగిన అధ్యయనం ఫలితాలు 1998లో వెలువడ్డాయి. సగటు హెచ్‌బీఏ1సీ 7.9 ఉన్నవారికంటే 7.0 ఉన్నవారిలో కంటి, మూత్రపిండాల వంటి సూక్ష్మ రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయి.

అయితే ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు. ఇటీవల రక్తం పోయినా, ఎక్కించినా తక్కువగా రావచ్చు. మన రాష్ట్రాల్లో స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది కనుక హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవడం మేలు. హెచ్‌బీఏ1సీని నమ్మలేని చోట ఫ్రక్టోసమైన్ పరీక్ష ఉంది. అది రెండు మూడు వారాల సగటు చెబుతుంది. ఇక సగటు బాగున్నా, షుగర్ ఒకపూట బాగా పడిపోయి మరోపూట బాగా పెరుగుతూ ఉండవచ్చు. ఆ హెచ్చుతగ్గులు తెలియాలంటే గ్లూకోమీటరు కావాలి.

రమజాన్‌లో ఇది మరీ ముఖ్యం. ఉపవాసాలు ఉండదలచిన మధుమేహ రోగులు నెల రెండు నెలల ముందే హెచ్‌బీఏ1సీ చేయించుకుని వైద్యుణ్ణి కలవాలి. ఉపవాసంలో షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలన్నది వైద్యుల సూచన.

దాతలకు మా మనవి ఒక్కటే. వందమందికి ఒక్కసారి వేలిబొట్టు పరీక్ష చేయించడం మంచి ఆరంభమే. అందులో మధుమేహం ఉన్నట్టు తేలిన పేదవారికి ఏడాదికి కనీసం రెండుసార్లు హెచ్‌బీఏ1సీ చేయించి, ఆ అంకెలను ఒక కార్డుపై రాసి వారి చేతికిద్దాం. కార్డుపై 9 తరువాత 8, ఆపై 7 కనిపించిననాడు, మనమిచ్చిన రూపాయి ఒకరి చూపును, ఒకరి మూత్రపిండాలను కాపాడే దారిలో ఉందని తెలుస్తుంది.