నష్టం క్లాజు చదివారా?

పార్ట్‌నర్‌షిప్ డీడ్ పట్టుకుని ఈమధ్య నా దగ్గరికి వస్తున్నవాళ్లందరిదీ ఒకటే గోడు. లాభంలో వాటా ఎంతో ఠక్కున చెబుతారు. నష్టం ఎవరు భరించాలని రాశారో మాత్రం తెలియదు. మొన్నటి క్లయింటు దుకాణంలో పొద్దుటి నుంచి రాత్రిదాకా చాకిరీ చేసినవాడు, పెట్టుబడి బావగారిది. లాభంలో ముప్పావు బావగారికి, నష్టమంతా ఇతనికి! డీడ్ రాసినాయన ఏదో పాత నమూనా దించేశాడు, ఇతను చదవకుండానే సంతకం పెట్టాడు.

ప్రాచీన రోమ్‌లోనే ఈ లాభనష్టాల వాటా తగవు మీద పెద్ద న్యాయవేత్తలు వాదించుకున్నారు. లాభంలో ఒక వాటా, నష్టంలో మరో వాటా అనడం భాగస్వామ్య స్వభావానికే విరుద్ధమన్నాడు క్రీ.పూ. 95లో కాన్సల్‌గా ఉన్న క్వింటస్ మూకియస్ స్కేవోలా. సెర్వియస్ సల్పీసియస్ ఒప్పుకోలేదు. ఒకడి శ్రమ అంత విలువైనదైతే, అతనికి లాభంలో వాటా ఇచ్చి నష్టం నుంచి తప్పించవచ్చన్నాడు. చివరికి ఆయన మాటే నిలిచింది. గమనించండి, అక్కడ నష్టం తప్పింది కష్టపడేవాడికి. నా క్లయింటు కాగితంలో కష్టమూ నష్టమూ రెండూ అతనివే.

లాభమంతా ఒకరికి, నష్టమంతా మరొకరికి అయితే రోమన్లు దాన్ని భాగస్వామ్యంగానే ఒప్పుకోలేదు. కాసియస్ అనే న్యాయవేత్త, వేటంతా తానే దక్కించుకున్న సింహం కథను బట్టి దానికి ‘సింహపు భాగస్వామ్యం’ అని పేరు పెట్టాడు. అలాంటి ఒప్పందం చెల్లదన్న న్యాయవేత్త ఉల్పియన్ మాట, 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన డైజెస్ట్ అనే న్యాయ సంకలనంలో ఉంది. ఇంకో మంచి నియమం: నష్టాలన్నీ తీసేశాక మిగిలిందే లాభం. ఒక బేరంలో వచ్చిన లాభం జేబులో వేసుకుని, మరో బేరంలో పోయింది పక్కవాడి మీదికి తోయడానికి లేదు.

మన 1932 భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం లాభనష్టాలు సమానం. కానీ వేరే ఒప్పందం లేకపోతేనే! రాసుకుంటే రాసుకున్నదే. లాభంలో అసలు వాటాయే లేనివాడు భాగస్వామి కాడు కానీ, చిన్న వాటా ఇచ్చి నష్టమంతా మోపితే, మోసమో ఒత్తిడో రుజువైతే తప్ప బయటపడటం కష్టం. అందుకే మళ్లీ చెబుతున్నా, సంతకానికి ముందు నష్టం క్లాజు చదవండి. చదవడం రాకపోతే చదివించుకోండి.

నా క్లయింటు కేసులో బావగారు లాభం వచ్చిన సరుకు మీద ఎప్పటికప్పుడు వాటా తీసుకున్నారు, నష్టపోయిన సరుకును లెక్కలోకే రానివ్వలేదు. ఖాతా పుస్తకాలు చూసి నకళ్లు తీసుకునే హక్కు అదే చట్టం 12వ సెక్షన్ ప్రతి భాగస్వామికీ ఇచ్చింది. అన్ని సంవత్సరాల లెక్కలూ చూపమని నోటీసు పంపాం. అవి చేతికొచ్చేదాకా సెటిల్‌మెంట్ కాగితం దేనిమీదా సంతకం పెట్టొద్దన్నాను.